అబిడ్స్, నాంపల్లి పాత ఇల్లు: కూల్చాలా, బాగు చేయించాలా?

 ఈరోజు ఎపిసోడ్ ఒక ఇంటి గొడవతో మొదలుపెడదాం. వేరేవాళ్లది కాదు, మా ఇంటి గొడవే.

మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక గల్లీ లోపల ఉంటుంది. ఎత్తు కప్పు, మందం గోడలు, మధ్యలో చిన్న వాకిలి, కింద షాబాద్ బండలు. గత మూడేళ్లుగా పండక్కి అందరం కలిస్తే చాలు, మాట ఒక్కదాని మీదకే పోతుంది. పెద్ద మామయ్యేమో "బిల్డర్‌కి ఇచ్చేద్దాం, తలా ఒక ఫ్లాట్ వస్తుంది" అంటాడు. చిన్న మామయ్యేమో "రిపేర్ చేయించి ఉంచుకుందాం" అంటాడు. అమ్మమ్మ మాత్రం గట్టిగా ఏమీ అనదు. అడిగితే "నేనున్నన్ని దినాలు ఉండనీయుండ్రి బిడ్డా" అంటుంది, అంతే.

అబిడ్స్, నాంపల్లి, చిరాగ్ అలీ లేన్, బొగ్గులకుంట, ఆగాపురా వైపు మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఏదైనా ఉంటే, ఈ గొడవ మీకు కొత్త కాదు. ఒకవైపు "పాతది కదా, ఎప్పుడు కూలుతుందో" అనే భయం. ఇంకోవైపు "తాతలు కట్టింది" అనే బాధ. ఈ రెండింటి మధ్యలో అసలు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు. ఈ ఇల్లు ఎలా నిలబడి ఉంది? దీనికి నిజంగా జబ్బు ఎక్కడుంది?

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఒక్కటే. పాత ఇళ్లు వయసు వల్ల పాడయ్యే దానికన్నా, మనం చేసే తప్పుడు రిపేర్ల వల్లే ఎక్కువ పాడవుతాయి. ఎలాగో చూద్దాం.

ఈ ఇళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

ముందు కొంచెం చరిత్ర. బోర్ కొట్టించను, ప్రామిస్.

అబిడ్స్ అనే పేరు ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఇక్కడ ఒక షాపు పెట్టాడు. ఆబిద్ షాపు కాస్తా అబిడ్స్ అయింది. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబర్ 28న, మూసీ వరద నగరాన్ని ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఆ దెబ్బతో నగరం గురించి కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నదికి ఉత్తరం వైపు రోడ్లు, మార్కెట్లు, ఇళ్లు పెరిగాయి. 1935లో మొజంజాహి మార్కెట్ కట్టారు.

అందుకే ఈ ఏరియాలో ఇళ్లు ఒకే రకంగా ఉండవు. పాత దేవిడీల్లా మధ్యలో వాకిలి ఉన్నవి కొన్ని. ముందు వరండా, చుట్టూ తోట ఉన్న బంగళాలు కొన్ని. కింద దుకాణం, పైన కాపురం ఉండే ఇళ్లు ఇంకొన్ని. మన పల్లెల్లో భవంతి ఇల్లు అంటాం చూడండి, నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే ఇల్లు, దానికి ఈ దేవిడీ పట్నం చుట్టం అనుకోండి.

ఇక్కడి ఇళ్లలో బాగా పేరున్నది గోల్డెన్ థ్రెషోల్డ్. సరోజినీ నాయుడు వాళ్ల ఇల్లు. ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఉన్న ఇల్లు. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరే ఆ ఇంటికీ ఉంది. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, గచ్చిబౌలి క్యాంపస్ కన్నా ముందు, పాఠాలు నడిచింది అక్కడే. అంటే కాపురం కోసం కట్టిన ఇల్లు ఒక యూనివర్సిటీని కూడా మోసింది. పాత ఇల్లు కొత్త పనికి పనికిరాదు అనేవాళ్లకి ఇదొక జవాబు.

పక్కనే కింగ్ కోఠి కథ ఇంకా సరదాగా ఉంటుంది. కమాల్ ఖాన్ అనే ఆయన ఇల్లు కట్టుకుని, తలుపులు కిటికీల మీద తన పేరులోని రెండు కె అక్షరాలు చెక్కించుకున్నాడట. ఆ ఇల్లు తర్వాత ఏడో నిజాం చేతికి వచ్చింది. అక్షరాలన్నీ పీకడం ఎందుకని, ఆ రెండు కె లకీ కింగ్ కోఠి అని కొత్త అర్థం చెప్పేశారని అంటారు. ఖర్చు లేని రెనొవేషన్ అంటే ఇదే!

ఈ ఇల్లు ఎలా నిలబడుతుంది

ఇప్పుడు అసలు విషయం. ఈ భాగం అర్థమైతే మిగతాదంతా ఈజీ.

మన కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటిలో బరువు మోసేది కాలమ్స్, బీమ్స్. గోడలు మధ్యలో అడ్డం మాత్రమే. చాలా గోడలు తీసేసినా బిల్డింగ్ నిలబడుతుంది. పాత ఇంట్లో ఇది తిరగబడుతుంది. అక్కడ కాలమ్స్ లేవు. గోడే బరువు మోస్తుంది. అందుకే అది అడుగున్నర, రెండు అడుగుల మందం ఉంటుంది. రాయి, ఇటుక, వాటి మధ్య సున్నం.

కప్పులో ఈ ఏరియాలో ఎక్కువగా రెండు రకాలు చూస్తాం. ఒకటి మద్రాసు టెర్రస్. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి, పైన సున్నం కాంక్రీటు దట్టంగా కొట్టి చేస్తారు. రెండోది కమాను కప్పు, ఇంజనీర్లు జాక్ ఆర్చ్ అంటారు. ఇనుప గర్డర్లు రెండు మూడు అడుగుల దూరంలో వేసి, ఒక గర్డర్ నుంచి ఇంకో గర్డర్‌కి ఇటుకతో చిన్న కమాను కడతారు. కింద నిలబడి చూస్తే కప్పు అలలు అలలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒకసారి స్పెయిన్ తీసుకెళ్తా. ఇన్‌స్టాలో బార్సిలోనా ఫ్లాట్ల రెనొవేషన్ వీడియోలు చూసే ఉంటారు. తెల్ల గోడలు, కింద రంగురంగుల డిజైన్ టైల్స్, పైన ఇటుక కమానుల కప్పు. మనం "వావ్, యూరోపియన్ స్టైల్" అని సేవ్ చేసుకుంటాం. ఆ కప్పు ఏంటో తెలుసా? దూలాల మధ్య ఇటుక కమాను. మన నాంపల్లి ఇంట్లో ఉన్న దానికి దగ్గరి చుట్టం. బార్సిలోనాలో ఐషాంప్లా అనే పెద్ద ఏరియా 19వ శతాబ్దంలో ప్లాన్ చేసి కట్టింది. అక్కడి ఫ్లాట్లలో చాలా కాలం ఈ కమానుల్ని ఫాల్స్ సీలింగ్ కింద దాచేశారు. ఇప్పుడు రెనొవేషన్ అంటే ఆ సీలింగ్ పీకేసి, లోపలున్న కమానుల్ని శుభ్రం చేసి చూపించడం. ఆ డిజైన్ టైల్స్ కూడా సిమెంట్ టైల్స్, భట్టీలో కాల్చనివి, అచ్చులో రంగు పోసి ప్రెస్ చేసినవి. మన దగ్గర కూడా పాత ఇళ్ల వరండాల్లో అవి కనిపిస్తాయి.

అంటే చూడండి. వాళ్లు డబ్బు పెట్టి సీలింగ్ పీకి కమాను బయటికి తీస్తున్నారు. మనం డబ్బు పెట్టి కమాను మీద సీలింగ్ వేస్తున్నాం. పాత టైల్స్ పగలగొట్టి, అలాంటి డిజైన్ ప్రింట్ ఉన్న కొత్త టైల్స్ కొంటున్నాం.

తప్పు నంబర్ ఒకటి: సున్నం గోడ మీద సిమెంట్

ఇది మా ఇంట్లో జరిగిందే. పదేళ్ల కింద వానాకాలంలో అమ్మమ్మ గదిలో గోడ కిందిభాగం చెమ్మ పట్టింది. మేస్త్రి వచ్చి చూసి "సున్నం పోయిందమ్మా, సిమెంట్ కొడితే గట్టిగుంటది" అన్నాడు. కొట్టించాం. పైన పుట్టీ, పైన మెరిసే పెయింట్. రెండేళ్లు బ్రహ్మాండంగా ఉంది. మూడో ఏడు పెయింట్ పొక్కులు వచ్చింది. తర్వాత తెల్లటి ఉప్పు పొడి రాలింది. తర్వాత సిమెంట్ పెచ్చు పెచ్చుగా ఊడింది, ఊడుతూ ఇటుక పైపొరని కూడా వెంట తీసుకుపోయింది. చెమ్మ అంతకుముందు మోకాలి ఎత్తులో ఉండేది, ఇప్పుడు నడుము దాకా ఎక్కింది.

ఎందుకలా? పాత ఇళ్లకి ఇప్పటిలా పునాదిలో తేమని ఆపే పొర సాధారణంగా ఉండదు. నేల తేమ కొంచెం కొంచెంగా గోడలోకి ఎక్కుతుంది. సున్నానికి సన్న సన్న రంధ్రాలుంటాయి కాబట్టి ఆ తేమ ఎక్కడికక్కడ గాలిలోకి ఆరిపోతుంది. అంటే గోడ ఊపిరి పీలుస్తుంది అనుకోండి. సిమెంట్ ప్లాస్టరింగ్, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ ఎటు పోవాలి? ఇంకా పైకెక్కుతుంది. నీళ్లతో పాటు వచ్చిన ఉప్పు లోపల గట్టిపడి, ప్లాస్టర్‌ని వెనక నుంచి నెడుతుంది. పైగా సిమెంట్ చాలా గట్టిది, పాత ఇటుక మెత్తది. రెండూ ఎండకి ఒకేలా కదలవు. ఓడిపోయేది మెత్తదే.

మరి ఏం చేయాలి? ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. చాలాసార్లు అది నేల తేమ కూడా కాదు. పగిలిన డ్రైనేజీ పైపు, గోడ పక్కన నిలబడే వాన నీళ్లు, లేదా గల్లీ రోడ్డు మీద రోడ్డు వేసి ఇంటి గడప కన్నా ఎత్తు అయిపోవడం. ముందు అది సరిచేయాలి. తర్వాత సిమెంట్ తీసేసి, గోడని ఒక ఎండాకాలం ఆరనిచ్చి, మళ్లీ సున్నం ప్లాస్టర్ చేయాలి. పైన సున్నం వెల్ల, లేదా గాలి ఆడనిచ్చే పెయింట్.

డంగు సున్నం అని మన పెద్దవాళ్లు అనే మాట వినే ఉంటారు. సున్నం, ఇసుక కలిపి గానుగలో బాగా నూరి తయారుచేస్తారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం పాత పద్ధతి. ఇది సిమెంట్‌లా ఒక్క రోజులో గట్టిపడదు. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెలల తరబడి నెమ్మదిగా రాయిలా మారుతుంది. తొందర ఉన్నవాళ్లకి ఇది నచ్చదు. కానీ మీ గోడ కూడా తొందరపడి కట్టింది కాదు కదా.

తప్పు నంబర్ రెండు: కప్పు మీద బరువు, గోడకి కోత

కప్పు కారుతుంది. మనం ఏం చేస్తాం? పైన రెండు అంగుళాల కాంక్రీటు వేయిస్తాం. ఐదేళ్లకి మళ్లీ కారుతుంది. ఇంకో రెండు అంగుళాలు. లెక్క వేద్దాం రండి. ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం కాంక్రీటు వేస్తే దాదాపు ఐదున్నర కిలోలు. గది 20 అడుగులు, 15 అడుగులు అనుకోండి, 300 చదరపు అడుగులు. రెండు అంగుళాలకి మూడు టన్నులు దాటుతుంది. అంటే మీ అమ్మమ్మ మంచం మీద కప్పుకి మూడు కార్లు ఎక్కించి పార్క్ చేసినట్టు. దాని మీద వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంక్ పెడితే ఇంకో టన్ను. కింద ఉన్న టేకు దూలానికి నోరు లేదు, లేకపోతే అరిచేది.

సరైన పద్ధతి రివర్స్‌లో ఉంటుంది. ముందు పైన ఒకదాని మీద ఒకటి వేసిన పొరల్ని జాగ్రత్తగా తీయాలి. నీళ్లు పోయే వాలు సరిచేయాలి. పిట్టగోడలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పైపైన కోయడం కాదు, వేరు చచ్చేలా తీయాలి. ట్యాంక్‌ని గది మధ్యలో కాకుండా, గోడ మీద బరువు పడేలా మార్చాలి. దూలం చివర గోడలోకి వెళ్లే చోట చెద ఉందో, పుచ్చు ఉందో చూడాలి. అన్నిటికన్నా ముందు తడిసి పాడయ్యేది అదే చోటు. చాలాసార్లు దూలం మొత్తం మార్చక్కర్లేదు, చివర ముక్క మార్చినా సరిపోతుంది.

కమాను కప్పుకైతే ఇంకో విషయం. కమాను ఎప్పుడూ రెండు పక్కలకీ తోస్తూ ఉంటుంది. పక్క కమాను ఎదురు తోస్తుంది కాబట్టి నిలబడుతుంది. ఒక గదిలో మెట్ల కోసం అని మధ్యలో ఒక కమాను పగలగొట్టారనుకోండి, పక్కదానికి ఆసరా పోతుంది. అలాగే గర్డర్ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి ఇటుకని పగలగొడుతుంది. కప్పులో గర్డర్ పొడవునా సన్నటి గీతలా పగులు కనిపిస్తే దాని మీద పుట్టీ పూయకండి. అది ఇల్లు మీకు రాసిన లెటర్, ముందు చదవండి.

ఇక గోడ కోత. "హాల్ పెద్దది చేద్దాం, ఈ గోడ తీసేద్దాం." ఇంటీరియర్ వీడియోల్లో చాలా మామూలుగా చెప్పే మాట. మీ ఫ్లాట్‌లో ఇంజనీర్‌ని అడిగి చేస్తే ఓకే. పాత ఇంట్లో మాత్రం ఆ గోడ మీద పై అంతస్తు కూర్చుని ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం లేకుండా ఒక్క కిటికీ కూడా పెద్దది చేయొద్దు.

తప్పు నంబర్ మూడు: వాకిలి మూసేయడం

మధ్య వాకిలి చాలామందికి వేస్ట్ స్థలంలా కనిపిస్తుంది. పైన రేకులు వేసి మూసేసి, ఒక గది తీస్తారు. ఆ మరుసటి ఎండాకాలం నుంచి ఇంట్లో ప్రతి గదికీ ఏసీ కావాలి.

వాకిలి చేసే పని సింపుల్. రాత్రి చల్లగాలి అందులోకి దిగుతుంది. పగలు గదుల్లో వేడెక్కిన గాలి ఎత్తు కప్పు దాకా లేచి, పైనున్న వెంటిలేటర్ల గుండా బయటికి పోతుంది. మందం గోడ పగటి వేడిని లోపలికి రానివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. ఈ మూడూ కలిస్తేనే మే నెలలో కూడా ఆ ఇంట్లో నడుం వాల్చగలం. ఒకటి తీసేసినా మిగతా రెండింటి పని సగమే.

స్పెయిన్‌లోనే కోర్డోబా అనే ఊరుంది. ఎండాకాలం అక్కడ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి ఇళ్ల మధ్య వాకిళ్లని పాటియో అంటారు. ప్రతి మే నెలలో వాటిని పూలతో నింపి, తలుపులు తెరిచి అందరికీ చూపిస్తారు. ఆ పండగని 2012లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే కుండీలు, అదే నీళ్లు చల్లిన నేల. తేడా ఏంటంటే వాళ్లు దాన్ని ఆస్తి అనుకున్నారు, మనం ఖాళీ జాగా అనుకున్నాం.

ఇది అందం విషయం కాదు, ప్రాణం విషయం

ఇప్పటిదాకా గోడలు, కప్పులు. ఇప్పుడు చెప్పేది కొంచెం సీరియస్.

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములకి మంటలు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్న కనీసం 9 మంది చనిపోయారు. 2025 మే 18 ఉదయం, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు వచ్చి ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. పైకి వెళ్లడానికి ఇరుకైన మెట్ల దారి ఒక్కటే.

ఈ రెండు ఘటనలూ మనకి చెప్పేది ఒకటే. ఇల్లు బాగు చేయించడం అంటే మొదటి ఖర్చు టైల్స్ మీద కాదు. కరెంటు మీద, బయటికి వెళ్లే దారి మీద.

పాత ఇంటి వైరింగ్ నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం వేసింది. ఇప్పుడు ఒక టన్నున్నర ఏసీ, ఒక గీజర్, ఒక ఇండక్షన్ స్టవ్ కలిపి వాడితేనే ఐదు కిలోవాట్ల లోడ్ దాకా పోతుంది. అదంతా ఆ పాత తీగ మీద పడితే అది లోపల్లోపల వేడెక్కుతుంది. పైన చెక్క ప్యానెల్స్, ఫాల్స్ సీలింగ్ ఉంటే ఆ వేడి మనకి కనిపించదు కూడా.

కాబట్టి ఫోన్‌లో నోట్ చేసుకోండి. ఒకటి, వైరింగ్ మొత్తం కొత్తది, ఎర్తింగ్‌తో సహా. రెండు, ఏసీకి, గీజర్‌కి విడివిడిగా సొంత లైన్, సొంత ఎంసీబీ. ఇళ్లలో సాధారణంగా లైట్లకి 1.5, మామూలు పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తారు. మీ ఇంటి లోడ్‌కి ఏది కావాలో లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ లెక్క కట్టాలి. మూడు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. నాలుగు, మెట్ల దారిలో బైకులు, ఇన్వర్టర్ బ్యాటరీలు, అట్టపెట్టెలు ఉండకూడదు. ఐదు, కింద దుకాణం అద్దెకిస్తే అందులో ఏం నిల్వ చేస్తారో అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆరు, కిటికీ గ్రిల్స్‌లో కనీసం ఒకటి లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. ఈ సామానంతా మనకి దగ్గర్లోనే, ట్రూప్ బజార్‌లోనే దొరుకుతుంది. వెళ్లడానికి బద్ధకం తప్ప ఏ అడ్డూ లేదు.

కూల్చే ముందు ఒక లెక్క

ఇప్పుడు పెద్ద మామయ్య వాదనకి వద్దాం. ఆయన చెడ్డవాడు కాదు. వాటాల లెక్క ఉంది, పిల్లల చదువులున్నాయి. కానీ ఆయన ఒక లెక్క మర్చిపోయాడు.

పాత ఇల్లు గల్లీ అంచు దాకా, పక్కింటి గోడ దాకా కట్టి ఉంటుంది. అది కూల్చిన మరుక్షణం మీకు ఇప్పటి నిబంధనలు వర్తిస్తాయి. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ప్లాట్ సైజు, ఎత్తుని బట్టి చుట్టూ ఖాళీ వదలాలి. ఎంత ఎత్తు కట్టొచ్చు అనేది ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది. రోడ్డు విస్తరణ ప్లాన్‌లో ఉంటే ఆ ముక్క కూడా పోతుంది.

ఉదాహరణకి 30 అడుగులు, 45 అడుగుల స్థలం, అంటే 150 గజాలు. ముందు ఐదు అడుగులు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగులు వదలాల్సి వచ్చిందనుకోండి. 1,350 చదరపు అడుగుల స్థలంలో ఒక్కో అంతస్తుకి మిగిలేది 888. అందులో మెట్లు, లిఫ్ట్ పోను, బిల్డర్ వాటా పోను, తలా ఒక ఫ్లాట్ అనేది కాగితం మీద వేసి చూస్తే గానీ తెలియదు. లెక్క బిల్డర్‌కే వదిలేయకండి. మీరే ఒక ఆర్కిటెక్ట్‌కి ఫీజు ఇచ్చి వేయించుకోండి.

ఇంకో చెక్ కూడా. మన దగ్గర 1981 నిబంధనల్లో రెగ్యులేషన్ 13 అని పాత కట్టడాల రక్షణకి ఒకటి ఉండేది. దాన్ని 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. మీ ఇల్లు ఏదైనా వారసత్వ జాబితాలో ఉందేమో ముందే కనుక్కోండి. సగం పనయ్యాక తెలిస్తే తలనొప్పి.

మరి కూల్చాల్సిన ఇళ్లు ఉండవా? ఉంటాయి. గోడ నిలువు తప్పి పక్కకి వంగుతుంటే, పునాది కుంగి పగుళ్లు ఏడాదికేడాది వెడల్పు అవుతుంటే, కప్పు దిగిపోతుంటే సెంటిమెంట్ పక్కన పెట్టండి. ముందు అందులోంచి మనుషుల్ని బయటికి తీసుకురండి. ప్రతి వానాకాలం ముందు కార్పొరేషన్ వాళ్లు శిథిల భవనాలకి నోటీసులు ఇచ్చేది అందుకే. ప్రాణం కన్నా కమాను గొప్పది కాదు.

కానీ ఆ తీర్పు ఎవరివ్వాలి? బిల్డర్ కాదు, మామయ్య కాదు, నేను అసలే కాదు. స్పెయిన్‌లోని కాటలోనియాలో 45 ఏళ్లు దాటిన నివాస భవనాలకి నిపుణుల తనిఖీ తప్పనిసరి. మనం మాత్రం మనిషికి నలభై దాటితే షుగర్ టెస్ట్ చేయిస్తాం, ఇంటికి నూరేళ్లు దాటినా పెయింట్ వేసి వదిలేస్తాం.

ఇంజనీర్ వచ్చే లోపు మీ ఫోన్‌తో చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పగులు పక్కన స్కేల్ పెట్టి ఫోటో తీయండి. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. నెలకోసారి అదే చోటు నుంచి మళ్లీ తీయండి. ఆరు నెలల ఫోటోలు ఇంజనీర్‌కి ఇస్తే, ఆ పగులు పాత గాయమా, ఇప్పుడు నడుస్తున్న జబ్బా అనేది చాలావరకు తేలిపోతుంది. అయితే పగులులో వేలు దూరుతుంటే ఆరు నెలలు ఆగకండి, ఆ వారమే పిలవండి.

మా ఇంట్లో ఏం తేలింది

పోయిన వానాకాలం తర్వాత మేం ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచాం. ఆయన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగి, దూలాలు తట్టి, ప్లాస్టర్ రెండు చోట్ల చెక్కి చూశాడు. చివరికి చెప్పింది విని ఇద్దరు మామయ్యలూ సైలెంట్ అయిపోయారు. ముందున్న పాత గదులు గట్టిగానే ఉన్నాయి. రెండు దూలాల చివర్లు మార్చాలి, కప్పు మీద అదనపు కాంక్రీటు తీయాలి, సిమెంట్ ప్లాస్టర్ తీసి సున్నం వేయాలి. ప్రమాదంగా ఉన్నది మాత్రం వెనకాల ఉన్న రెండు గదులు, బాత్రూమ్. అవి 1990ల్లో మేమే "కొత్తగా" కట్టించినవి. వాటి స్లాబ్‌లో ఇనుము తుప్పు పట్టి బయటికి కనిపిస్తోంది.

అంటే కూల్చాల్సింది ఉంది. కానీ మేం అనుకున్నది కాదు!

ఇప్పటికి వెనక గదులు తీసేశాం, వైరింగ్ మొత్తం మార్చాం. కప్పు పని ఈ ఎండాకాలం. వాటాల మాట ఇంకా తెగలేదు, అది మళ్లీ పండక్కి వస్తుంది. కానీ ఈసారి అందరి చేతిలో ఒకే రిపోర్ట్ ఉంటుంది, అదే పెద్ద మార్పు.

మీరు ఈసారి అబిడ్స్ వెళ్తే ఒక పని చేయండి. మొజంజాహి మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ తింటూ ఒకసారి తల పైకెత్తి చూడండి. కొన్నేళ్ల కింద ఆ రాతి గోడలు బోర్డుల వెనక, వైర్ల వెనక దాక్కుని ఉండేవి. శుభ్రం చేసి, రిపేర్ చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అదే రాయి, అదే గడియారం గోపురం. దుకాణాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. సర్కారు కట్టడానికి పనికొచ్చిన పద్ధతి మన గల్లీ ఇంటికి ఎందుకు పనికిరాదు? ముందు జబ్బు కనుక్కో, తర్వాత బరువు దించు, తర్వాత ఊపిరి ఆడనివ్వు, చివర్లో రంగు వెయ్యి. మనం చేసేదేమో ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెట్టడం.

మీ ఇంట్లో కూడా ఈ గొడవ నడుస్తుంటే, ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో వేయండి. గొడవ ఆగదు, కానీ కనీసం సరైన విషయం మీద జరుగుతుంది. పగుళ్ల ఫోటోలు మాత్రం ఇవాళే తీయండి, వానాకాలం ఎవరి కోసమూ ఆగదు.